వీబీఎస్ అయిపోయాక వచ్చే ఆదివారం

బి.డి. (దైవశాస్త్ర డిగ్రీ) చదివేవాళ్ళం వేసవిలో ఏదో ఒక పాస్టరేటుకి, అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘాల దగ్గరికి వెళ్ళి, అక్కడి అయ్యగారి (పాస్టరు గారి) దగ్గర ఉండి పనిచేసి రావాలి. తిరిగొచ్చాక రిపోర్టు రాయాలి, దానిమీద అధ్యాపకులు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నాకు కృష్ణా జిల్లా దివిసీమలో ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేటు పడింది. నా ఉత్తరంలో ‘పిల్లల పరిచర్య, యవ్వనస్థుల పరిచర్య’ అని రెండు పనులు రాసి ఉన్నాయి. ఆ రెండూ ఒకే పని అని నాకు ఆ వేసవిలోనే అర్థమైంది. ఈ ఏడాది ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెబుతాను. సెలవుల బైబిలు పాఠశాల, అదే మన వీబీఎస్, ఎంత బాగా జరిగిందో ముగింపు రోజు చప్పట్లను బట్టి తేల్చకండి. ఆ తర్వాత వచ్చే ఆదివారం పిల్లల ముందు ఎవరు నిలబడ్డారో చూడండి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్యన సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. వరి కోసేశాక మినుములు, అవీ అయిపోయాక ఎండిన చేలు, వాటి మధ్య చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మే నెలకి కాలవలు కట్టేసి ఉంటాయి. మచిలీపట్నంలో 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మొదలుపెట్టిన మిషన్ పని తర్వాతి కాలంలో ఇలాంటి పల్లెలకు పాకింది. ఊరికి చివర పల్లె, పల్లెకి నడుమ గుడి. అయ్యగారి చేతికింద ఇలాంటి సంఘాలు చాలా ఉన్నాయి. ఒకే ఆదివారం మూడు చోట్ల ఆరాధన నడిపి, మోటారు సైకిల్ మీద తిరిగొచ్చేసరికి ఆయనకి మధ్యాహ్నం రెండు దాటేది. ఇక పిల్లలకి విడిగా కూర్చుని చెప్పే తీరిక ఎక్కడిది?

సండే స్కూల్ రిజిస్టరు బీరువాలో ఉంది. తీసి చూస్తే రెండేళ్ళ క్రితం ఒక ఆదివారంతో ఆగిపోయింది. అప్పటిదాకా నడిపిన అమ్మాయికి పెళ్ళై హైదరాబాదు వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ప్రతి వేసవిలో టౌను నుంచి ఒక టీమ్ వచ్చి, మైకు పెట్టి, పాటలు నేర్పి, బెలూన్లతో ర్యాలీ తీసి, బహుమతులిచ్చి వెళ్ళేది. పిల్లలకి ఆ పాటలన్నీ వచ్చు. కథ ఏదని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ టీముల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. మండుటెండలో సొంత ఖర్చుతో వచ్చినవాళ్ళు వాళ్ళు. కానీ వాళ్ళు బస్సెక్కాక ఆ పిల్లలకి దిక్కెవరన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అయ్యగారు మొదటి రోజే ఒక షరతు పెట్టారు. “ఇల్లిల్లూ తిరక్కుండా తరగతి మొదలుపెట్టొద్దమ్మా. పిల్లల పేర్లు రిజిస్టర్లో కాదు, వాళ్ళ గుమ్మాల్లో నేర్చుకో.” ఆ మాట పట్టుకుని మొదటి వారమంతా అమ్మగారితో కలిసి తిరిగాను. అమ్మగారంటే అయ్యగారి భార్య. పల్లెలో ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పొద్దున ఆరుకే బయల్దేరి ఎండెక్కేలోపు ఇంటికి చేరేవాళ్ళం, మళ్ళీ నీడ వాలాక వెళ్ళేవాళ్ళం.

ఆ తిరుగుడులో తెలిసిన సంగతులే నా వేసవిని నడిపించాయి. కొందరు పిల్లల తల్లిదండ్రులు మిరపకోతలకి గుంటూరు వైపు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. పిల్లలు నానమ్మల దగ్గర ఉన్నారు. బడి మూసేసి ఉంది కాబట్టి మధ్యాహ్న భోజనం లేదు. పొద్దున తిన్న చద్దన్నమే సాయంత్రం దాకా. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కొందరు తల్లులతో పాటు రొయ్యల షెడ్డుకి వెళుతున్నారు. తెల్లారకుండానే వ్యాను వస్తుంది. రొయ్యల తల తీసి, వల్చి, కిలోల లెక్కన డబ్బు తెచ్చుకుంటారు. ఐసులో గంటల తరబడి నాని వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఒక పాప నాకు చేయి కలపడానికి సిగ్గుపడి చెయ్యి వెనక్కి దాచుకుంది.

సండే స్కూల్ చరిత్ర మేము కాలేజీలో చదువుకున్నదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఆదివారం బడి పెట్టింది, వారంలో ఆరు రోజులు పనికి పోయే పేద పిల్లల కోసం. చదవడం, రాయడం నేర్పడానికి. వీబీఎస్ సంగతీ అంతే. 1898లో న్యూయార్కు తూర్పు వాడల్లో వేసవి సెలవులకి వీధుల్లో తిరుగుతున్న పిల్లల్ని చూసి ఎలైజా హాస్ అనే ఆవిడ, వేరే చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకి తీసుకుని మొదలుపెట్టింది. ఆ పాఠం పరీక్షకి చదివినప్పుడు తేదీలే గుర్తుపెట్టుకున్నాను. పల్లెలో ఆ పాప చెయ్యి చూశాక ఆ బడులు ఎందుకు పుట్టాయో తెలిసింది. ఎండాకాలం ఖాళీగా ఉన్నవాళ్ళని కూర్చోబెట్టడానికి కాదు, ఎవరికీ పట్టని పిల్లల కోసం పుట్టాయి అవి.

అందుకని వేళలు మార్చాం. మామూలుగా వీబీఎస్ అంటే పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర దాకా, అందరికీ ఒకేసారి. అలా పెడితే షెడ్డుకి పోయే పిల్లలు ఒక్కరూ రాలేరు. చిన్నవాళ్ళకి, అంటే బిగినర్స్, ప్రైమరీ, జూనియర్ తరగతులకి పొద్దున. పెద్దవాళ్ళకి వ్యాను తిరిగొచ్చి, వాళ్ళు స్నానం చేసి, కాస్త నడుం వాల్చాక, సాయంత్రం ఆరున్నరకి. సంఘ పెద్దల్లో ఒకరు దీనికి ఒప్పుకోలేదు. రెండు పూటలా గుడి తెరిస్తే కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానుకల పెట్టె బరువు తెలిసిన మనిషి ఆయన. అయ్యగారు బల్ల మీద చెయ్యి వేసి, “చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి, వారి నాటంకపరచవద్దు” అన్న వాక్యం చదివి, కరెంటు సంగతి నేను చూసుకుంటానన్నారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

పిల్లల్లో ఎవరైనా పద్నాలుగేళ్ళ లోపు ఉండి పనికి పోతుంటే అది చట్టానికి విరుద్ధం. ఆ మాట అమ్మగారు ఇళ్ళలో నెమ్మదిగా, తిట్టకుండా చెప్పారు. బడి తెరిచే నాటికి ఈ పిల్ల బడిలో ఉండాలి అని ప్రతి తల్లి దగ్గరా మాట తీసుకున్నారు. అప్పుల పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చున్న తల్లికి నేను ఇరవై మూడేళ్ళ వయసులో నీతులు చెప్పలేను. ఆవిడ చెప్పగలరు.

తిండి పని సంఘంలోని ఆడవాళ్ళ కూటమి, స్త్రీల మైత్రి వాళ్ళు తీసుకున్నారు. మొదట బిస్కెట్ పాకెట్, రస్నా చాలన్నారు. ఇళ్ళలో చూసింది చెప్పాక వాళ్ళే లెక్క మార్చేశారు. ఒకరింటి బియ్యం, ఒకరింటి పప్పు, ఒకరి పెరటి నిమ్మకాయలు. రోజు విడిచి రోజు గుడ్డు. చిన్నపిల్లలు పొద్దున తరగతి అయ్యాక పులిహోరో కిచిడీయో తిని, మజ్జిగ తాగి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. అన్నం కోసమే వస్తున్నారని ఎవరో అన్నారు. అన్నం కోసం వస్తే తప్పేముంది? అయిదు రొట్టెలు, రెండు చేపల కథ చెప్పే చోట ఆకలి గురించి మాట్లాడటానికి సిగ్గెందుకు?

ఇక అసలు పని యూత్‌ది. ఆ సంఘంలో ఇంటర్, డిగ్రీ, ఐటీఐ చదివేవాళ్ళు, చదువు మానేసి పనులకి పోయేవాళ్ళు కలిపి ఇరవై మంది దాకా ఉన్నారు. క్రిస్మస్‌కి స్టార్లు కట్టడం, గుడికి సున్నం వేయడం, సభలప్పుడు కుర్చీలు మోయడం వాళ్ళ వంతు. నోరు తెరిచి ఒక మాట చెప్పమని ఎవరూ ఎన్నడూ అడగలేదు. వాలీబాల్ ఆట అయ్యాక గుడి అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లలకి కథలు మీరే చెప్పాలి అన్నాను. “మాకేం వచ్చక్కా, మీరు చెప్పండి, మేం కుర్చీలేస్తాం” అన్నారు. వాళ్ళ నోట ఆ మాట వచ్చిందంటే సంఘం వాళ్ళని ఇన్నాళ్ళూ ఎలా చూసిందో తెలుస్తుంది.

శిక్షణ అని పెద్ద పేరు పెట్టలేదు. రోజూ రాత్రి గంటన్నర. ముందు నేను ఒక కథ చెప్పాను. తర్వాత అదే కథని ఒక్కొక్కరూ తన సొంత మాటల్లో, ఎదురుగా ఒక చిన్నపిల్ల కూర్చుందనుకుని చెప్పాలి. దావీదు, గొల్యాతు కథని మొదటిసారి చెప్పినప్పుడు అందరూ ప్రసంగం గొంతు పెట్టారు. ‘ప్రియమైన చిన్నబిడ్డలారా’ అని మొదలు. దాన్ని వదిలించడానికి నాలుగైదు రాత్రులు పట్టింది. ఒక అబ్బాయి, పగలు ట్రాక్టరు నడుపుతాడు, దావీదు గొర్రెలు కాసే చోటు చెబుతూ గేదెల్ని కాలవగట్టు మీద తోలడం ఎలాగో చెప్పేశాడు. ఏ గేదె పక్క చేలో దిగుతుందో కాపరికి ముందే తెలుస్తుందన్నాడు. అరుగంతా నిశ్శబ్దమైపోయింది. అప్పటినుంచి మిగిలినవాళ్ళకి దారి దొరికింది.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. బెత్తం వద్దు. నరకం పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టొద్దు. కానుక తేలేదని, బట్టలు బాగాలేవని ఎవర్నీ వేలెత్తి చూపొద్దు. ఏ టీచరూ ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా తలుపు మూసిన గదిలో ఉండకూడదు, తరగతికి ఇద్దరు టీచర్లు తప్పనిసరి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల్ని అడక్కుండా స్టేటస్‌లో పెట్టకూడదు. పిల్లలెవరైనా కష్టం చెప్పుకుంటే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు, అమ్మగారికి చెబుతానని ముందే చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం గురించీ, పిల్లల సాయానికి ఫోన్ చేసే 1098 నంబరు గురించీ ఒక రాత్రి పూర్తిగా మాట్లాడుకున్నాం. మగపిల్లలు ఇబ్బంది పడతారనుకున్నాను. అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వాళ్ళే అడిగారు. పల్లెలో హిందూ కుటుంబాల పిల్లలు కూడా ఆటపాటలకి వస్తామన్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఇక్కడ ఏం చెబుతామో దాచకుండా చెప్పి, పెద్దలు సరేనన్నవాళ్ళనే కూర్చోబెట్టాం. ఇంటివాళ్ళకి తెలియకుండా పిల్లల చేత ఏ నిర్ణయమూ చేయించకూడదన్నది నా గట్టి నమ్మకం. అయ్యగారిదీ అదే మాట.

వీబీఎస్ రోజుల గురించి ఎక్కువ రాయను. వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిందే. అభినయ గీతాలు, కంఠత వాక్యం, కథ, వర్క్‌బుక్, రంగు పెన్సిళ్ళ కోసం కొట్లాటలు, ఓఆర్ఎస్ పాకెట్లు, డోలక్ వాయించే కుర్రాడి చుట్టూ ఎప్పుడూ ఒక గుంపు. నానమ్మల చేత ఒక పని చేయించాం, అది మాత్రం చెప్పాలి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆ తరానికి నోటికి వచ్చు, పుస్తకం అక్కర్లేదు. రోజుకొక నానమ్మ వచ్చి పిల్లలకి ఒక కీర్తన నేర్పింది. తాళం తప్పితే తొడమీద చెయ్యి వేసి కొట్టి చూపించింది. కీబోర్డు లేకపోయినా పాట ఆగదని పిల్లలకి తెలిసింది.

రెండు కథల దగ్గర మాత్రం ఆగాలి.

అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు తెచ్చిన పిల్లవాడి కథ డిగ్రీ చదివే ఒక అమ్మాయి చెప్పింది. సగంలో ఒక బాబు లేచి, “అక్కా, అవి పచ్చి చేపలా, ఎండు చేపలా?” అని అడిగాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. వెనక వరసలోంచి ఒక పాప, వాళ్ళమ్మ ఎండు చేపలమ్ముతుంది, జవాబు చెప్పింది: “ఎండు చేపలేరా. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా ఎండలో తిరిగితే పచ్చి చేప ఆగుతుందా?” దాని మీద పది నిమిషాలు తర్కం నడిచింది. వాళ్ళమ్మ మూటలో ఏం కట్టి ఇచ్చి ఉంటుంది, ఆ పిల్లాడు తనకి మిగలదేమోనని భయపడ్డాడా, ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ తిట్టిందా. పుస్తకంలో లేని ప్రశ్నలు అవన్నీ. కథ చెబుతున్న అమ్మాయి ఒక్కదాన్నీ కొట్టిపారేయలేదు. “తిట్టి ఉంటుందా మీరే చెప్పండి” అంది. సెమినరీలో ఇంతకన్నా మంచి తరగతి నేను చూడలేదు.

రెండోది తుఫానుని అణచిన కథ. సాయంత్రం తరగతిలో పెద్దపిల్లలకి చెబుతుంటే గుమ్మం దగ్గర కూర్చున్న ఒక నానమ్మ కూడా వింది. యేసు దోనె వెనక తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపారు, ఆయన గాలిని గద్దించాడు, సముద్రం నిమ్మళించింది. కథ అయ్యాక ఆవిడ నెమ్మదిగా అడిగింది. “మరి ఆ రోజు ఎందుకు లేవలేదు టీచరమ్మా?” ఆ రోజంటే 1977 నవంబరు 19. దివిసీమలో ఇంకో వివరణ అక్కర్లేదు. ఉప్పెన వచ్చిన రాత్రి. వేల మంది పోయారు. ఆవిడకి అప్పుడు పన్నెండేళ్ళు. తల్లినీ ఇద్దరు తమ్ముళ్ళనీ నీళ్ళు తీసుకుపోయాయి. ఆవిడ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది.

నా దగ్గర జవాబు లేదు. అది ఏ పుస్తకంలో ఉన్నా ఆ గుమ్మంలో పనికొచ్చేది కాదు. నాకు తెలియదు నానమ్మా అన్నాను. పిల్లలంతా ఆవిడ చుట్టూ చేరారు. ఆ రాత్రి సంగతి చెప్పమన్నారు. చాలామంది సొంత మనవలకి కూడా పూర్తిగా తెలియదట. గాలి ఏ దిక్కు నుంచి తిరిగిందో, నీళ్ళు వచ్చే ముందు చప్పుడు ఎలా ఉందో, తెల్లారాక ఎవరు ఎవర్ని వెతుక్కున్నారో, సాయానికి వచ్చినవాళ్ళు మొదట ఏం పెట్టారో అన్నీ చెప్పింది. చివర ఆవిడే ప్రార్థన చేసింది. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి చేసింది. మరునాడు ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

యూత్‌ని టీచర్లుగా నిలబెట్టడం వల్ల ఏం జరుగుతుందో నాకు పూర్తిగా తెలిసింది ఆ రెండో వారంలో. తొమ్మిదో తరగతి పూర్తయిన ఒక అమ్మాయికి ప్రధానం, అంటే నిశ్చితార్థం, పెట్టుకున్నారు. మేనమామ వరస. ఆ పిల్ల ఆ సంగతి నాకు చెప్పలేదు. నేను పట్నం నుంచి వచ్చిన దాన్ని, నెలాఖరుకి వెళ్ళిపోతాను. తన తరగతి టీచరుకి చెప్పింది, అంటే పక్క వీధిలో ఉండే డిగ్రీ అమ్మాయికి. ఆ అమ్మాయి మేం అనుకున్న ప్రకారమే ఆ రాత్రే అమ్మగారి దగ్గరికి వచ్చింది. 

అమ్మగారు, అయ్యగారు, అంగన్‌వాడీ టీచరు కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు కానీ మాట్లాడింది వాళ్ళే. అయ్యగారు కోప్పడలేదు. సంఘంలో పెళ్ళంటే మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి, రిజిస్టరులో వయసు రాయాలి, పద్దెనిమిది నిండకుండా నేను ప్రకటన చదవలేను, ప్రధానం ప్రార్థన కూడా చెయ్యను అన్నారు. చట్టం సంగతి అంగన్‌వాడీ టీచరు చెప్పారు. తండ్రి చాలాసేపు తల ఎత్తలేదు. అప్పు ఉంది, పిల్లని ఒంటరిగా ఇంట్లో వదిలి కోతలకి పోవాలంటే భయం, దగ్గర బంధువైతే చూసుకుంటాడని అనుకున్నాం అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. భయపడ్డ మనిషి. అప్పుడు మాట ఎటు తిరగాలో అటు తిరిగింది: మీరు కోతలకి పోయినప్పుడు పిల్ల ఎక్కడ ఉండాలి? హాస్టల్ సీటు సంగతి అంగన్‌వాడీ టీచరు చూస్తానన్నారు. ప్రధానం ఆగింది. బడులు తెరిచాక ఆ పిల్ల పదో తరగతిలో హాస్టల్లో చేరింది. అది నా పని వల్ల కాదు. చెప్పుకోవడానికి పక్క వీధిలో ఒక అక్క ఉండటం వల్ల.

రాత్రి యూత్ కూడికల్లో బైబిలు పాఠం అరగంట, మిగతా అంతా వాళ్ళ ప్రశ్నలే. ఇంటర్ తప్పినవాళ్ళకి సప్లిమెంటరీ గొడవ. పదిలో మంచి మార్కులు వచ్చిన ఒక అబ్బాయికి నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, దానికి విడిగా ప్రవేశ పరీక్ష అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. గుడిలోనే ఫోన్‌లో దరఖాస్తు నింపాం. అది కూడా పరిచర్యే అని నేను రిపోర్టులో రాశాను. ప్రేమల గురించి అడిగారు, సినిమాల గురించి అడిగారు. ఆడపిల్లలు అమ్మగారు లేని వేళ చూసి, “ఆడవాళ్ళు అయ్యగారు అవుతారా అక్కా?” అన్నారు. ఈ రాష్ట్రంలోనే, నంద్యాల డయోసిస్‌కి 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారని, సి.ఎస్.ఐ.లో ఆ స్థానానికి వచ్చిన తొలి మహిళ ఆవిడేనని చెప్పాను. వాళ్ళలో ఒకమ్మాయి ఆ పేరు అరచేతిలో రాసుకుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న కుల సర్టిఫికెట్ గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు, ఆ వర్గానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. గుడిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. “ఊళ్ళో మమ్మల్ని చూసే చూపు మారలేదు కదక్కా, కాగితం ఎందుకు మారాలి?” అని ఒక అబ్బాయి అడిగాడు. ఇంకొకడు, “మరి మేం ఎవరిమని రాయాలి?” అన్నాడు. కొన్ని సంఘాల్లో ఈ సంగతి ఎత్తితే మాట మార్చేస్తారు. అయ్యగారు మార్చలేదు. చట్టం ఏం చెబుతుందో ఉన్నదున్నట్టు చెప్పారు, తన చదువు రోజుల్లో తాను పడ్డ బాధ చెప్పారు, అది అన్యాయమని తాను నమ్ముతున్నానన్నారు. తేలికైన జవాబు ఆ రాత్రి ఎవరికీ దొరకలేదు. కానీ గుడిలో ఆ ప్రశ్న పైకి అడగొచ్చని వాళ్ళకి తెలిసింది. మరుసటి వారం యూత్ కూడికకి ఎప్పుడూ రాని ఇద్దరు వచ్చారు.

ముగింపు కార్యక్రమం బాగా జరిగింది. ర్యాలీ, పాటలు, నాటిక, వాక్యాలు అప్పజెప్పడం, స్టీలు గిన్నెల బహుమతులు. బహుమతి అందరికీ ఒకటే ఇచ్చాం, మొదటి రెండవ మూడవ అని పెట్టలేదు. వేదిక మీద నేను ఎక్కకూడదని ముందే అనుకున్నాను. యూత్ వాళ్ళే నడిపారు. ట్రాక్టరు నడిపే అబ్బాయి మైకు పట్టుకున్నప్పుడు వాళ్ళమ్మ గుడి బయట నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ వాడు ఆ గుడికి కుర్చీలే మోశాడు.

తర్వాతి ఆదివారం నేను ఉన్నాను కానీ వెనక బెంచీలో కూర్చున్నాను. ఆరాధనకి గంట ముందు సండే స్కూల్. పాత రిజిస్టరులోనే, రెండేళ్ళ నాటి ఆఖరి తేదీ కింద గీత గీసి, కొత్త తేదీ వేశారు. బెలూన్లు లేవు, మైకు లేదు, తాయిలం లేదు. వీబీఎస్‌కి డెబ్బై మంది దాకా వస్తే ఆ రోజు అందులో సగం మంది వచ్చారు. నాకు ఆ సగమే ఎక్కువ అనిపించింది. నాలుగు మూలలు, మూలకి ఇద్దరు టీచర్లు. ఎవరికి ఏ కథ, ఎవరు రాకపోతే ఎవరు చెప్పాలి అన్నది అట్ట మీద రాసి గోడకి తగిలించి ఉంది. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళేవాళ్ళు చివరి వారం దీనికే ఉంచుకోండి. వీబీఎస్‌ని చివరి వారంలో పెట్టుకుని, ముగింపు మరునాడే బస్సెక్కకండి. మీరు ఊళ్ళో ఉండగానే మీరు లేకుండా ఒకటి రెండు ఆదివారాలు నడవనివ్వండి.

కాలేజీలో రిపోర్టు మీద అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లెక్కల గురించే. ఎంతమంది పిల్లలు, ఎన్ని పాఠాలు, ఎన్ని ఇళ్ళు. చెప్పాను. ఒక అధ్యాపకురాలు మాత్రం, “నీ తర్వాత ఎవరు?” అని అడిగారు. ఆ టీచర్ల గురించి, వాళ్ళ వయసు, చదువు, ఎవరికి ఏది బాగా వచ్చో చెబుతూ పోతే సమయం సరిపోలేదు.

అక్కడి డిగ్రీ అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ట్రాక్టరు అబ్బాయి పని కోసం విజయవాడ వచ్చేశాడు. అతని తరగతిని ఇంటర్ చదివే ఇంకో అమ్మాయి తీసుకుంది. వానాకాలంలో నాట్లప్పుడు హాజరు పడిపోయింది, తర్వాత లేచింది. కథల పుస్తకాలు సరిపోవడం లేదు, సాయంత్రం తరగతికి ఒక లైటు పాడైంది. టౌను టీమ్ వచ్చే వేసవికి మళ్ళీ వస్తామని కబురు పెట్టిందట. తప్పకుండా రండి, కథలు మేం చెప్పుకుంటాం, మీరు మా పిల్లలకి కీబోర్డు నేర్పి పెట్టండి అని వీళ్ళు జవాబు పంపారట.